ఆరు బారల దారి

"దొర్లిపోతాది. నాను ముందే సెప్తన్నాను, ఆనక గంగాలమ్మ సెప్పనేదనకండి. కుర్చీతో సహా దొర్లిపోయి ఏ ఆటో కిందకో ఎల్లిపోతాది."

నేనీ మాట అన్నప్పటికి మా ఇంటి ముందు ర్యాంపు లేదు. దానికి సిమెంటూ లేదు, కంకరా లేదు. ఉన్నదల్లా మా ఆయన తాతబాబు నోట్లోంచి అప్పుడే ఊడిపడిన ఒక్క మాట. "ఈ వేట నిషేధంలో పిల్లకి మెట్ల మీంచి సిమెంటు దారి పోసేద్దాం" అని బీడీ ముట్టించుకున్నాడు. ఆ బీడీ సగం కాలేలోపు నా కళ్ళముందు పిల్ల రెండుసార్లు దొర్లిపోయింది.

ఎండాకాలంలో రెండు నెలలు చేపలు గుడ్లు పెట్టే సమయమని మరపడవలను వేటకు పోనివ్వరు. పడవలు ఒడ్డునుంటాయి, మగాళ్ళు ఇళ్ళలో ఉంటారు. వలలు బాగుచేసుకుంటారు, పడవలకు రంగులేసుకుంటారు. అదయ్యాక పేకాడతారు. అదీ అయ్యాక పెళ్ళాల వంటకు వంకలు పెడతారు. మా జాలారిపేట ఆడవాళ్ళం సముద్రం మీదున్న మొగుడు క్షేమంగా ఒడ్డుకు రావాలని గంగమ్మకు ఎంత మొక్కుకుంటామో, ఒడ్డునున్న మొగుడు బేగి సముద్రం మీదకెళ్ళాలనీ అంతే మొక్కుకుంటాం. అలాంటి రోజుల్లో మా ఆయనకు పని దొరకడం మంచిదే. కాకపోతే ఆ పని మా పిల్ల మీద పడింది.

ధనశ్రీ మాకు ఒక్కతే కూతురు. దువ్వాడలో డిగ్రీ చదువుతుండగా గాజువాక దగ్గర షేర్ ఆటో బోల్తాపడి నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. ఏడవాల్సిన ఏడుపులన్నీ అప్పుడే ఏడ్చేశాం, ఇప్పుడా కథ చెప్పను. చేతులు మట్టుకు వాళ్ళ నాన్నవే, వల లాగే చేతులు. ఇంట్లో చక్రాల కుర్చీలో బొంగరంలా తిరుగుతుంది. పొయ్యి దగ్గరకొచ్చి కూరలో ఉప్పు చూస్తుంది, పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్తుంది, మా ఆయనతో వాదులాడుతుంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. మా గుమ్మం వీధికి మూడడుగుల ఎత్తు. హుద్‌హుద్‌లో తుఫాను నీళ్ళు ఇంట్లోకొచ్చాయని, మళ్ళీ కట్టుకున్నప్పుడు ఎత్తు పెంచమని పోరినదాన్ని నేనే. "మీ యమ్మ సముద్రాన్ని పైకి రమ్మని మెట్లు కట్టించింది" అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు.

ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సొస్తే ఆయన ఒక పక్కా, ఆయనతో పడవలో వెళ్ళే అబ్బులు ఇంకో పక్కా పట్టుకుని దాన్ని కుర్చీతో సహా కిందకు దించేవారు. ఉగాది వెళ్ళాక ఒకరోజు అలాగే దించుతుంటే, కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళంతా బిందెలు వదిలేసి చూశారు. ఆటో ఎక్కాక అది మెల్లగా అంది.

"నాన్నా, ఇదే ఆకరు. సేపల గంపని దించినట్టు నన్నింక దించకండి. నా అంతట నాను దిగ్గలిగితే దిగుతాను. నేకపోతే ఇంట్లోనే ఉంటాను."

అన్నంత పనీ చేసింది. తరవాతి సారి ఆస్పత్రికి రమ్మంటే కదల్లేదు. వాళ్ళ నాన్న బతిమాలాడు, నేను తిట్టాను, అబ్బులు పాట పాడతానని బెదిరించాడు. ఊహూఁ. ర్యాంపు మాట పుట్టింది అలాగ.

భయపడటానికి జీతమిస్తే నాకీపాటికి స్టీల్‌ప్లాంటోళ్ళంత పింఛను వచ్చుండేది. సముద్రానికి భయపడ్డాను, తుఫానుకు భయపడ్డాను, ఆటోకు మాత్రం భయపడలేదు. భయపడనిదే వచ్చిపడింది. అందుకని అప్పటినుంచీ ఏదీ మిగల్చకుండా అన్నిటికీ భయపడుతున్నాను.

పని మొదలెట్టిన రోజు ధనశ్రీ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తోంది.

"నాన్నా, ఎంత పొడుగు పోత్తన్నావు?"

"పడవనే ఒడ్డెక్కించేవోడిని, కుర్చీ ఒక లెక్కా. కంటితో సూత్తే తెలిసిపోదేటి."

"పోన్లో సూసాను. అడుగెత్తుకి పన్నెండడుగుల పొడుగుండాలంట."

"పోన్లో సెప్పినోడు ఎప్పుడైనా పడవెక్కించాడేటే?"

"బావా, ముందు ఆ పోనోడి గుమ్మం ఎంతెత్తో కనుక్కో" అన్నాడు అబ్బులు, తట్ట దించుతూ.

నేను ఊరుకోలేదు. "ఊరికే వచ్చింది కదాని సముద్రపిసక కలపకండి. ఉప్పుకి బద్దలైపోతాది" అన్నాను.

"ఓలే, నువ్వెల్లి టీ పెట్టు. ఇసక సంగతి ఇసకలో పుట్టినోడికి సెప్తన్నావు" అన్నాడు మా ఆయన.

ఒక్క పూటలో పోసేశారు. మెట్లున్నంత మేర చెక్కలు కట్టి, కంకర నింపి, పైన సిమెంటు మెత్తి, పడవ ఒడ్డుకు చేర్చినంత సంబరంగా చేతులు కడుక్కున్నారు. నేను అందరికీ అన్నాలు పెట్టాను. తడిగోనెలు కప్పి రోజూ నీళ్ళు పోశాను. గోనెలు తీసిన రోజున పేటలో పిల్లలంతా వరసకట్టి దాని మీద జారారు. నిక్కర్లు చిరిగాయని తల్లులొచ్చి నన్ను తిట్టిపోయారు. జారుడుబల్లలా ఉందని అప్పుడే ఎవరికైనా తోచి ఉండాల్సింది. తోచలేదు. నాకు కూడా తోచలేదు, నేను ఆటోల గురించి భయపడుతున్నాను.

ఆ సాయంత్రం గాలి మళ్ళాక అందరూ చేరారు. మా ఆయన కుర్చీ వెనక పట్టుకుని దించాడు. బాగానే దిగింది. మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆయన వెనక, అబ్బులు పక్కన, ఇంకో ఇద్దరు ఉత్సాహం కొద్దీ ఎక్కడ చెయ్యి ఆనితే అక్కడ పట్టుకుని "ఐలెస్సా" అంటూ ఒక్క ఊపులో గుమ్మంలోకి చేర్చేశారు. చప్పట్లు కొట్టారు. మా ఆయన నా వైపు చూశాడు, ఏం చెప్పాను అన్నట్టు.

"నాన్నా, మళ్ళీ కిందకి దించు. దించి సెయ్యొగ్గేసి పక్కన నిలబడు" అంది ధనశ్రీ.

నిలబడ్డాడు. అది చక్రాలు పట్టుకుంది. మెడ నరాలు తేలేలా తోసింది. కుర్చీ జానెడు ఎక్కి ఆగింది, వెనక్కి జారింది. మళ్ళీ తోసింది. ఈసారి మూరెడు. మూడోసారి ముందు చిన్న చక్రాలు గాల్లోకి లేచాయి. కుర్చీ వెనక్కి వాలిపోతుంటే అబ్బులు మోకాలడ్డంపెట్టాడు. నా రెండు చేతులూ నెత్తి మీదే ఉండిపోయాయి.

ధనశ్రీ ఆయాసం తీర్చుకుని, అరచేతులు చీర కొంగుకు తుడుచుకుంది. నా కొంగుకే. నేను ఎప్పుడు వెళ్ళి దాని పక్కన నిలబడ్డానో నాకే తెలియదు.

"నాన్నా, పడవకి పది మంది బుజాలుంటాయి. దీనికి నా సేతులు రెండే" అంది.

మా ఆయన చెప్పులేసుకుని ఒడ్డుకు వెళ్ళిపోయాడు. అన్నం వేళకు రాలేదు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. నేను చెప్పానా లేదా అనే మాట నా నాలిక చివర దాకా వచ్చింది. నా జన్మలో ఇంత సూటిగా నిజమైన భయం ఇంకొకటి లేదు. కానీ ఆ మాట మింగేశాను. రుచి బాగోలేదు.

తెల్లారి ఆయన ఒక తాడుచుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, పడవ నీడలో పడుకున్నట్టున్నాడు. నేరుగా కూతురు దగ్గరకెళ్ళాడు.

"అడుగుకి పన్నెండన్నావు కదమ్మా."

"అవును నాన్నా."

"మనది మూడడుగులు."

"ముప్పయ్యారవుతాది."

"నాకు అన్నేసి అడుగులు తెల్దే. బారల్లో సెప్పు."

రెండు చేతులూ చాపితే ఒక బార. సముద్రం లోతు తాడు దించి మావాళ్ళు ఆ బారల్లోనే కొలుస్తారు. ధనశ్రీ వాళ్ళ నాన్న చాపిన చేతుల్ని ఆ కొస నుంచి ఈ కొసకు చూసి లెక్కకట్టింది.

"ఆరు బారలు నాన్నా."

"అదే మాట ఆ రోజే సెప్పుంటే అర్దమయిపోను కదా" అన్నాడు ఆయన. అది ఆయన తప్పు ఒప్పుకునే పద్ధతి. ధనశ్రీ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని నాకూ నవ్వొచ్చింది. వీధిలోకి ఎదురుగా పోస్తే కుళాయి దాటిపోతుంది, అందుకని గుమ్మంలోంచి ఎడమ పక్కకు, గోడ వెంబడి తాడు వదులుతూ బయలుదేరాడు. ఒక బార, రెండు, మూడు, మా గోడ అయిపోయింది. నాలుగో బార కాశమ్మ గోడ. అయిదు. ఆరో బార చివర కాశమ్మ గుమ్మం ముందు నుంచి వెళ్ళి అవతల నేల మీద పడింది.

అందరం ఆ తాడు కొసను చూస్తూ నిలబడ్డాం. కాశమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. వరసకి నాకు అక్క. పూర్ణా మార్కెట్లో బేరగాళ్ళు ఆమె గంప దగ్గర గొంతు తగ్గించి మాట్లాడతారు.

"ఆవిడినెవులడుగుతారు?" అన్నాడు అబ్బులు.

"అది ఆడోల్ల పని" అని మా ఆయన తాడు చుట్టుకోవడంలో మునిగిపోయాడు.

నేనే వెళ్ళాను. కాశమ్మ చాట ముందేసుకుని నెత్తళ్ళనే చిన్న చేపల్లో పీతపిల్లల్ని ఏరుతోంది.

"ఏటే గంగాలూ, ముకం అలగెట్టుకొచ్చావు. ఎవులు పోయారు?"

"ఎవులూ పోనేదక్కా. ర్యాంపు సంగతి."

"ఇన్నాను. తాతబాబు కూతురికి కట్టాడో పడవకి కట్టాడో తెలీక పేటంతా నవ్వుకుంటన్నారు."

"మల్లీ కట్టాల. పొడుగ్గా. అది నీ గుమ్మం ముందు నుంచి పోతాదక్కా. నీ గుమ్మం కాడికొచ్చేసరికి జానెడెత్తు కూడా ఉండదు, దాటుకుని రావచ్చు."

కాశమ్మ ఒక్కో పీతపిల్లనే తీసి పక్కన పెడుతోంది. ఆ కాసేపట్లో ఆమె కాదనడం, నేను ఏడవడం, మా ఆయన కేకలు వేయడం, పెద్దలు కూర్చోవడం, పోలీసులు రావడం, మేం ఇల్లు అమ్ముకుని ఎలమంచిలిలో మా అమ్మ ఇంటికి పోవడం, అక్కడ కూడా గుమ్మం ఎత్తుగానే ఉండడం, అన్నీ నాకు జరిగిపోయాయి.

"ఎండ తగుల్తాదా?" అంది కాశమ్మ.

"ఏటక్కా?"

"దాని మీద ఎండ తగుల్తాదా అంటన్నాను. ఇసకలో ఎండబెడితే నెత్తళ్ళలో ఇసక పంటికి తగుల్తందని కొనేవోల్లు మూతి ముడుత్తన్నారు. సిమెంటు మీదయితే సుబ్బరంగా ఎండుతాయి."

"మరి పిల్ల దిగేటప్పుడో?"

"పిల్ల దిగేటప్పుడు పక్కకి తోసుకుంటాను. తోసుకోడం మర్సిపోతే తొక్కుకుంటా పొమ్మను. నాలుగు సేపలు పోతాయి, అంతే కదా."

నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"ఎల్లవే. నీ బయాలతో నా సేపలు తడిసిపోతన్నాయి" అంది కాశమ్మ.

పోయడం ఒక్క పూట పని. పగలగొట్టడం మాత్రం రోజుల తరబడి సాగింది. "మా బావ పోసిన సిమెంటు హార్బరు గోడకన్నా గట్టిది" అని అబ్బులు గునపం దించినప్పుడల్లా అన్నాడు. ఆ ముక్కల్నే కొత్త ర్యాంపు అడుగున నింపారు. ఈసారి మేస్త్రీ ధనశ్రీ. గుమ్మంలో కూర్చుని, మట్టం చూసేందుకు నీళ్ళు నింపిన గొట్టం ఒక కొస తను పట్టుకుని, రెండో కొస వాళ్ళ నాన్న చేతికిచ్చి, ఎక్కడెంత ఎత్తుండాలో గోడ మీద బొగ్గుతో గీతలు గీయించింది. పేకాట మానేసి సగం పేట మా వాకిట్లోనే ఉంది. ఆడవాళ్ళం తట్టలు అందించాం. కాశమ్మ తట్ట మోయలేదు గాని, మోసేవాళ్ళందరికీ పేర్లు పెట్టింది.

"నాన్నా, మూడో బార కాడ పొట్టొచ్చింది సూడు" అనేది ధనశ్రీ.

"పొట్ట నాకొచ్చిందమ్మా, ర్యాంపుకి కాదు. మీ యమ్మ ఇలగ మేపుతుంటే రేపు పడవ మునిగిపోతాది" అనేవాడు అబ్బులు.

"మునిగిపోతాది అనకు" అనేదాన్ని నేను లోపలినుంచి.

"అదిగో, ఇనేసింది" అనేవాళ్ళు అందరూ ఒక్కసారే.

గుమ్మం ముందు కుర్చీ తిప్పుకునేంత చదును, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోడానికి ఇంకొక చదును. చక్రం జారకుండా పచ్చి సిమెంటు మీద కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు. ఆ గీతలు నాతోనే గీయించింది ధనశ్రీ. వంకరగా వచ్చాయని మళ్ళీ గీయించింది.

అంచున పట్టుకునే ఇనప కడ్డీలు బిగించడానికి పాత టౌను నుంచి నజీర్ వచ్చాడు. పడవలకు ఇనపపని చేసేది అతనే, మా ఆయనను అన్నా అంటాడు. కడ్డీలు నా నడుము దాకా ఉండాలన్నాను. తరవాత భుజం దాకా ఉంటే మంచిదేమో అన్నాను.

"వదినమ్మా, జైలు నాకెప్పుడూ కాంట్రాక్టు ఇయ్యనేదు. మీరిత్తన్నారు" అన్నాడు నజీర్.

కుర్చీలో కూర్చున్నవాళ్ళ చేతికందే ఎత్తులోనే బిగించాడు. అందరూ టీకి లేచినప్పుడు నేను అతన్ని కాశమ్మ గుమ్మం వైపు పక్కకు పిలిచాను.

"కింద ఒక గేటు పెట్టు నజీరూ. సిన్నదే. ఎవులికీ సెప్పకు, కడ్డీలతో పాటే బిగించెయ్యి."

నజీర్ కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని నన్ను చూశాడు. వేళాకోళం చేస్తాడనుకున్నాను. చేయలేదు.

"పెడతాను. గొళ్ళెం ఎటుపక్క పెట్టమంటారు?"

"అంటే?"

"మేకలకైతే బయట పెడతాం వదినమ్మా. మడిసికైతే లోపల."

లోపలినుంచి ధనశ్రీ గొంతు వినిపిస్తోంది. అబ్బులు టీలో పంచదార ఎక్కువేసుకున్నాడని ఎవరికో చెప్పి నవ్విస్తోంది. నేను కడ్డీ మీద చెయ్యి వేశాను. ఎండకు కాలుతోంది. తీయలేదు.

"గేటొద్దులే" అన్నాను. "టీ సల్లారిపోతాది, రా."

నజీర్ తలూపి కళ్ళద్దాలు దించుకున్నాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. నేనూ ఇప్పటిదాకా చెప్పలేదు.

వేట నిషేధం ఆఖరి రోజు వచ్చింది. పడవలన్నిటికీ కొత్త రంగులు. హార్బరులో ఐసు బండ్లు వరస కట్టాయి. పేటంతా వలలు భుజాన వేసుకున్న మగాళ్ళు, గంగమ్మకు పూజ సామాన్లు పట్టుకున్న ఆడవాళ్ళు. మా ఆయన తెల్లారితే సముద్రం మీదుండాలి, అయినా ఆ సాయంత్రం ఒడ్డుకు పోలేదు. సిమెంటు ఆరింది, ఇంక నీళ్ళు పోయక్కర్లేదని కాశమ్మ చెప్పింది. చెప్పి, ఆ చివరి బార మీద నిషేధం లేని తెప్పలోళ్ళు తెచ్చిన నెత్తళ్ళు అప్పుడే ఎండబెట్టేసింది.

ధనశ్రీ నీలం రంగు చుడీదారు వేసుకుని, తల దువ్వుకుని గుమ్మంలోకొచ్చింది. ఈసారి ఎవరూ ఐలెస్సా అనలేదు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వాటిని అలా కట్టేసుకోకపోతే వెళ్ళి కుర్చీ పట్టుకుంటాయని ఆయన భయం. ఆయనకూ భయం ఉందని నేను ఆ రోజే చూశాను.

దిగింది. అరచేతులతో చక్రాలను ఆపుకుంటూ, తొందర లేకుండా, గోడ వెంబడి దిగింది. మధ్య చదును దగ్గర ఆగలేదు. కాశమ్మ నెత్తళ్ళను చేత్తో పక్కకు ఊడ్చి దారిచ్చింది, అయినా రెండో మూడో చక్రం కిందకు వెళ్ళాయి. "ఒగ్గెయ్, అయి పిల్లికి" అంది కాశమ్మ. కుర్చీ నేల తాకింది. అక్కడే వెనక్కి తిప్పుకుని మళ్ళీ ఎక్కింది. మొదట చక్రాలు జానెడు జానెడే కదిలాయి, తరవాత చేతులకు దారి తెలిసింది. చదును దగ్గర ఆగి, మా ఆయన వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. మళ్ళీ తోసింది. గుమ్మం దగ్గర నా చీర కుచ్చిళ్ళకు కుర్చీ తగిలేదాకా వచ్చి ఆగింది. నుదుటి మీద చెమట. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

అబ్బులు చుట్టుకున్న తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "దుమ్మెక్కువుందిరా ఈ పేటలో" అన్నాడు ఎవరితోనో. మా ఆయన కట్టుకున్న చేతులు విప్పి, రెండు పక్కలకూ ఒకసారి చాపి, దించేశాడు.

ధనశ్రీ మళ్ళీ కిందకు దిగింది. ఈసారి వెనక్కి తిప్పుకోలేదు. కుర్చీ ముఖం వీధి చివరకు పెట్టుకుని, భుజం మీంచి నా వైపు చూసింది.

"అమ్మా, బజారు దాకా ఎల్లొత్తాను."

వీధి చివర మలుపు ఉంది. మలుపు తిరిగితే ఇంట్లోంచి కనబడదు. అక్కడ కుక్కలుంటాయి. కాలవ మీద పలక ఒకటి కదులుతుంది. హార్బరు నుంచి ఐసు బండ్లు హారను కొట్టకుండా వస్తాయి. ఆటోలుంటాయి. నేను నోరు తెరిచాను. పేటంతా నా నోటి వైపు చూస్తోంది. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. కాశమ్మ చేతిలో చేపలు చేతిలోనే ఉండిపోయాయి. నా నోట్లో ఉన్నవి రెండే మాటలు. ఒకటి వద్దు, రెండోది జాగ్రత్త. రెండూ వాడి వాడి అరిగిపోయినవే. పిల్ల తొందర పెట్టలేదు. చక్రాల మీద చేతులు పెట్టుకుని, మెడ అలాగే తిప్పుకుని కూర్చుంది. ఒడ్డు మీద ఎవరో పడవ ఇంజను వేసి చూసుకుంటున్నారు. అది ఆడింది, ఆగింది, మళ్ళీ ఆడింది. ఎంతసేపో నాకు తెలియదు.

"పచ్చిమిరగాయలు తే" అన్నాను. "గిల్లి సూసి తియ్యి. మీ నాన్న తెచ్చినవి గడ్డిలాగుంటన్నాయి."